పదిహేనేళ్లుగా రెండు చోట్లా అడుగుతూ

సొంతంగా బిగించుకున్న ఆడియో ఆంప్లిఫయర్ ఒకటి స్విచ్ వేయగానే గుయ్యిమనేది. పాట ఉన్నా లేకపోయినా అదే మోత. ఈ ఒక్క సమస్యనే ఒకే వారంలో రెండు చోట్ల అడిగాను. ఒకటి ప్రశ్నోత్తరాల సైటు, రెండోది పాతకాలపు ఎలక్ట్రానిక్స్ ఫోరం. రెండు రకాలనూ పదిహేనేళ్లుగా వాడుతున్నా, వాటి మధ్య తేడా నాకు బుర్రకెక్కింది మాత్రం అప్పుడే.

ప్రశ్నోత్తరాల సైటులో "ఆంప్లిఫయర్‌లో హమ్ పోవాలంటే ఏం చేయాలి?" అని పెట్టాను. ఇరవై నిమిషాల్లో ప్రశ్న మూసేశారు. కారణం: వివరాలు చాలవు. కింద ఒక కామెంటు, "సర్క్యూట్ బొమ్మ ఏది?" అని. ఆ మాట తప్పేమీ కాదు. కానీ ఏ వివరాలు ఇవ్వాలో తెలిస్తే సగం జవాబు నా చేతిలో ఉన్నట్టే కదా! అడగందే అమ్మైనా పెట్టదంటారు. అక్కడ అడిగితే సరిపోదు, అడగడం కూడా వచ్చి ఉండాలి.

ఫోరంలో మొదటి రిప్లై ఒక జోకు. రెండో ఆయన అసలు సంగతి అడిగారు: "మోత లావుగా ఉందా, కొంచెం గరగరలాడుతోందా? 50 హెర్ట్జా, 100 హెర్ట్జా?" ఆ తేడాతో ఏం తేలుతుందో కూడా ఆయనే విడమరిచారు. 50 అయితే కరెంటు సరఫరా ఫ్రీక్వెన్సీయే నేరుగా దూరుతోందని అర్థం, అంటే ట్రాన్స్‌ఫార్మర్ పక్కనుంచో గ్రౌండ్ లూప్ (గ్రౌండ్ వైరు ఒకటికి మించిన చోట్ల తగిలి చుట్టు ఏర్పడటం) వల్లనో వస్తుంది. 100 అయితే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ తర్వాత కూడా మిగిలిన హెచ్చుతగ్గులు, అంటే రిపుల్, కెపాసిటర్లను అనుమానించాలి. ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కు షార్ట్ చేసి చూడమన్నారు ఇంకొకరు. తర్వాత ఇద్దరు పెద్దమనుషులు గ్రౌండ్ వైర్లన్నీ ఒకే చోట కలపాలా వద్దా అని ఒకటిన్నర పేజీ కొట్టుకున్నారు. ఒకాయన చిన్నప్పుడు తాను విప్పి పాడుచేసిన రేడియో కథ చెప్పారు. పదకొండో రోజున, అంతవరకు నోరు విప్పని ఒక సభ్యుడు నేను పెట్టిన ఫొటో చూసి రెండు ముక్కలు రాశారు: ఇన్‌పుట్ వైరు ట్రాన్స్‌ఫార్మర్‌ను రాసుకుంటూ పోతోంది, గ్రౌండ్ వైరు లోహపు పెట్టెకు, అంటే ఛాసిస్‌కు రెండు చోట్ల తగులుతోంది. ఒక చోట తీసేసి, వైరు దారి మార్చాను. మోత పోయింది.

ఇంతకీ ఈ రెండింటికీ అసలు తేడా ఎక్కడుందంటే వరసలో ఉంది. ఫోరంలో మాటలు కాలం ప్రకారం పేరుకుంటాయి. ప్రశ్నోత్తరాల సైటులో జవాబులు ఓట్ల ప్రకారం పైకీ కిందికీ జరుగుతుంటాయి. వినడానికి చిన్న విషయమే, కానీ మిగతావన్నీ దీన్నించే పుడతాయి. ఫోరంలో "పైన చెప్పినట్టు" అని మొదలుపెట్టొచ్చు. ఓట్ల చోట "పైన" అన్న మాటకు అర్థమే లేదు, రేపటికి ఆ పైనున్నది కిందికి పోవచ్చు. అందుకని అక్కడ ప్రతి జవాబూ తన కాళ్ల మీద తాను నిలబడాలి. ఎదురు ప్రశ్న, సరదా, సందేహం, "మా దగ్గరా ఇంతే" లాంటివన్నీ కామెంటు అనే ఇరుకు సందులోకి వెళ్లిపోతాయి.

ఇది పొరపాటున జరిగింది కాదు, కోరి కట్టుకున్నదే. 2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామింగ్ ప్రశ్నోత్తరాల సైటు మొదలుపెట్టేనాటికి ప్రోగ్రామర్ల అవస్థ నాకు బాగా గుర్తు. జవాబు చూడాలంటే డబ్బు కట్టమనే సైటు ఒక పక్క, నలభై పేజీల థ్రెడ్డు (ఫోరంలో ఒకే ప్రశ్న కింద పేరుకున్న పోస్టుల వరస) ఒక పక్క. ఆ థ్రెడ్డు చివరి పేజీ దాకా తవ్వుకుంటూ పోతే ప్రశ్న అడిగినవాడి ఆఖరి పోస్టు: "సమస్య తీరింది, థాంక్స్." ఎలా తీరిందో రాయడు మహానుభావుడు! కొండను తవ్వి ఎలుకను కూడా పట్టలేని రోజులు. వాటి తర్వాత, వెతకగానే మొదటి తెరమీదే అడిగినవాడు పెట్టిన పచ్చ టిక్కుతో జవాబు కనిపించడం నిజంగా వరమే. ప్రోగ్రామింగులో నా రోజువారీ పని ఇన్నేళ్లూ దాని మీదే నడిచిందంటే అతిశయోక్తి కాదు.

పాయింట్ల లెక్క మాత్రం మనిషిని మార్చేస్తుంది, నన్నూ మార్చింది. జవాబుకు ఒక అప్‌వోటు పడితే 10 పాయింట్లు, డౌన్‌వోటు పడితే 2 పోతాయి. దాంతో ప్రశ్న పూర్తిగా చదవకుండానే రెండు వాక్యాలు పడేసి, ఓట్లు రావడం మొదలయ్యాక తీరిగ్గా సవరించుకునే అలవాటు నాకూ పట్టుకుంది. ఇంకో తమాషా, నేను చేరిన రోజుల్లో కొత్తవాడు జవాబు రాయొచ్చు గానీ, ఇంకొకరి పోస్టు కింద కామెంటు పెట్టాలంటే 50 పాయింట్లు కావాలి. పాపం వాడు "నాకూ ఇదే సమస్య" అని జవాబు పెట్టెలో రాసేవాడు, వెంటనే దానికి నాలుగు డౌన్‌వోట్లు.

పాత జవాబుల సంగతి ఇంకా ముఖ్యం. ఏళ్ల కిందట వందల ఓట్లు తెచ్చుకున్న జవాబు, ఆ పద్ధతికి కాలం చెల్లినా పైనే కూర్చుంటుంది. ఇప్పటి సరైన పద్ధతి అయిదో జవాబుగా కింద ఎక్కడో ఉంటుంది. అడిగినవాడు టిక్కు పెట్టిన జవాబును ఎప్పుడూ అన్నిటికన్నా పైన ఉంచే పద్ధతిని స్టాక్ ఓవర్‌ఫ్లో 2021లో మానుకుంది, మంచి పనే. అడిగినవాడికి పనిచేసిందల్లా సరైనది కావాలని లేదు కదా. నేనిప్పుడు ఓట్లకన్నా ముందు తేదీ చూస్తాను.

రెండు చోట్లా మర్యాదలు ఎంత తలకిందులో చెప్పడానికి ఒక్కటి చాలు. ఫోరంలో రెండేళ్లుగా పడుకున్న థ్రెడ్డులో రిప్లై ఇస్తే అది మళ్లీ పైకి లేచి కూర్చుంటుంది, "పాత శవాన్ని ఎందుకు లేపావు" అని మోడరేటర్ తిడతాడు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో అదే పనికి బ్యాడ్జీ ఇస్తారు. ప్రశ్న పడి 60 రోజులు దాటాక జవాబు రాసి 5 ఓట్లు తెచ్చుకుంటే దక్కే ఆ బ్యాడ్జీ పేరు నెక్రోమాన్సర్, అంటే చచ్చినవాళ్లను లేపే మంత్రగాడు!

ప్రశ్న, జవాబు, పాయింట్లు ఉన్నంత మాత్రాన జ్ఞానం పోగవదని యాహూ ఆన్సర్స్ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. 2005లో మొదలై 2021 మే 4న మూతపడింది. కోరా ఇంకో దారి పట్టింది. అక్కడ ప్రశ్న చాలాసార్లు సాకు మాత్రమే, రాసేవాడు తన అనుభవం చెప్పుకోవడానికి దొరికిన అరుగు. చదవడానికి బాగుంటుంది, పని జరగాలంటే నేను అటు వెళ్లను.

ఫోరాల గురించి తియ్యగా మాత్రమే మాట్లాడలేను. మా ఎలక్ట్రానిక్స్ ఫోరంలో నా థ్రెడ్డు పేరు "సాయం కావాలి". అలాంటి పేరుతోనే అక్కడ వందల థ్రెడ్డులున్నాయి, ఇంకెవరికైనా అది ఎలా దొరుకుతుంది? ఫొటోలు దాచిన బయటి సైటు ఉచిత సేవ ఆపేయడంతో ఆ వైర్ల బొమ్మ స్థానంలో ఇప్పుడు ఖాళీ డబ్బా కనిపిస్తోంది. మరి ఎందుకు వదల్లేదంటే, మనుషుల కోసం. ఎవరి మాటకు ఎంత బరువివ్వాలో, ఎవరు పుస్తకం చూసి చెబుతారో, ఎవరు చేయి కాల్చుకుని చెబుతారో అక్కడ నాకు తెలుసు. ప్రశ్నోత్తరాల సైటులో ఇన్నేళ్లలో నాకు సాయం చేసినవాళ్లలో ఒక్కరి పేరూ గుర్తులేదు. ఆట్‌వుడ్‌కూ ఇలాంటిదేదో అనిపించిందేమో గానీ, 2013లో డిస్కోర్స్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చిన ముగ్గురిలో ఆయనా ఒకరు. అది దేనికోసమో తెలుసా, చర్చా ఫోరాలు నడపడానికి!

ఇప్పుడు నా పద్ధతి ఇది. సమస్యకు పేరు తెలిస్తే ప్రశ్నోత్తరాల సైటు. పేరే తెలియకపోతే ఫోరం, పదకొండు రోజుల ఓపికతో సహా.

ఆంప్లిఫయర్ కథకు కొసమెరుపు ఒకటుంది. మోత పోయాక, ఫోరంలో తేలినదంతా ఒక చోటికి తెచ్చి, సర్క్యూట్ బొమ్మ గీసి, నన్ను తరిమేసిన ఆ సైటులోనే కొత్త ప్రశ్న వేసి, జవాబు కూడా నేనే రాశాను. అది అక్కడ చెల్లుతుంది. ఈసారి ఎవరూ మూయలేదు, ఓట్లు కూడా బాగానే పడ్డాయి. కొన్నాళ్లకు ఎవరో కింద కామెంటు పెట్టారు, తన ఆంప్లిఫయర్ కూడా బాగుపడిందని, చాలా థాంక్స్ అని. నేను బదులిద్దామని రెండు రోజుల తర్వాత వెళ్లేసరికి ఆ కామెంటు లేదు. పనికి సంబంధం లేని మాట కింద తీసేశారు.