పరాయి దేశపు ఊరి శ్మశానంలో సైనికుడి సమాధి: కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సేవపై సమీక్ష

రెండు ప్రపంచ యుద్ధాల్లో కామన్‌వెల్త్ (బ్రిటన్, భారత్ సహా నాటి బ్రిటిష్ సామ్రాజ్యపు) సైన్యాల తరఫున చనిపోయినవాళ్ల సమాధి ఎక్కడుందో తెలుసుకోవాలంటే ఈ కమిషన్ వెబ్‌సైట్‌ను మించింది లేదు. పైసా ఖర్చు లేదు, వెతకడానికి ఖాతా తెరవక్కర్లేదు. భారతీయ సైనికుల కోసం చూసేవాళ్లను మాత్రం మొదట్లో బాగా తిప్పలు పెడుతుంది. కిటుకు తెలిస్తే ఊరి చివరి శ్మశానంలో ఫలానా వరుసలో ఫలానా రాయి ముందు నిలబెడుతుంది.

1917లో మొదలైన ఈ సంస్థ సుమారు 17 లక్షల మంది స్మారకాలను 150కి పైగా దేశాల్లో చూసుకుంటోంది. లెక్కలోకి తీసుకునే తేదీలు కచ్చితం: మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా, రెండో దానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా. గాయాలతో ఇంటికి చేరి ఆ తేదీలు దాటాక కన్నుమూసినవాళ్లు ఇందులో దొరకరు.

అసలు చిక్కు పేర్లతోనే. భారతీయుల్లో చాలామందికి పేరు మొత్తం ఇంటిపేరు గడిలోనే పడి ఉంటుంది, మొదటి పేరు గడి ఖాళీ. స్పెల్లింగ్ ఆనాటి గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా. బ్రిటిష్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ పొందిన గబర్ సింగ్ నేగీ పేరే నాటి గెజెట్‌లో గోబర్ సింగ్ అని అచ్చయింది. అందుకే పేరును నమ్ముకోకుండా ఫిల్టర్లతో వెళ్లాలి: ఏ యుద్ధం, భారత సైన్యం, రెజిమెంట్, చనిపోయిన తేదీకి అటూ ఇటూ కొన్ని రోజులు. సర్వీస్ నంబరు ఒక్కటే కొడితే వేరే రెజిమెంట్లలో అదే నంబరున్న వాళ్లంతా వచ్చిపడతారు. పేర్లు కలిసినప్పుడు అదనపు సమాచారం అనే చోట తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉన్నాయేమో చూడాలి. మనిషిని తేల్చేది అదే.

రికార్డు కింద ఉండే స్కాన్ పత్రాలను చాలామంది తెరవకుండానే వదిలేస్తారు. ఈ సేవలో అన్నిటికన్నా విలువైనవి అవే. రాయి మీద ఏం చెక్కాలో రాసిన పట్టిక, సమాధుల నమోదు పత్రం, కొందరి విషయంలో శవాన్ని మొదట పాతిన చోటు నుంచి తరలించిన వివరం కూడా దొరుకుతాయి. చనిపోయిన ఊరు ఒకటి, సమాధి ఉన్న ఊరు ఇంకొకటి ఎందుకయిందో అక్కడే తెలుస్తుంది.

ఇక చిరునామా. ఉత్తర ఫ్రాన్స్‌లోని మెర్విల్ అనే చిన్న పట్టణాన్నే తీసుకోండి. మొదటి యుద్ధం తొలినాళ్లలో భారత సైన్యానికి చెందిన ‘లాహోర్’ క్షతగాత్రుల శిబిరం అక్కడే ఉండేది, భారతీయ సమాధులూ ఉన్నాయి. ఆ ఊళ్లో ‘కమ్యూనల్ సెమెటరీ’ ఒకటి, ‘కమ్యూనల్ సెమెటరీ ఎక్స్‌టెన్షన్’ ఇంకొకటి. మొదటిది ఊరివాళ్ల శ్మశానం, రెండోది 1916 ఆగస్టులో సైనికుల కోసం తెరిచింది. చివరి మాట చూసుకోకపోతే పక్క గోడ అవతల ఉన్న సమాధి కోసం ఇవతల గంటలకొద్దీ తిరగాల్సి వస్తుంది. సమాధి నంబరులో రోమన్ అంకె ప్లాటుది, అక్షరం వరుసది, చివరి అంకె సమాధిది. బయల్దేరే ముందు ఆ శ్మశానం జాబితా మొత్తం డౌన్‌లోడ్ చేసి, మీకు కావలసిన నంబరుకు ఇరుపక్కల ఉన్న నాలుగైదు పేర్లు కాగితం మీద రాసుకోండి. అక్షరాలు అరిగిన రాయిని పక్కవాళ్ల పేర్లే పట్టిస్తాయి.

ఊరి శ్మశానమైతే గేటు వేళలు మునిసిపాలిటీవి, కమిషన్‌వి కావు. గేటు దగ్గర ఆకుపచ్చ బోర్డు ఉంటే సరైన చోటికే వచ్చారన్నమాట. లోపల కమిషన్ రాయిని పోల్చుకోవడం తేలిక: 81 సెంటీమీటర్ల ఎత్తు, 38 వెడల్పు, పైన కొద్దిగా వంపు. నలభైకి మించి సమాధులుంటే సాధారణంగా రాతి శిలువ కూడా ఉంటుంది. నంబరు బదులు ప్రత్యేక స్మారకం అని రాసి ఉంటే వరుసల్లో వెతకొద్దు. కచ్చితమైన చోటు తెలియనివాళ్ల రాళ్లవి, ఎక్కువగా గోడ పక్కన ఉంటాయి. రికార్డులో ప్యానెల్ నంబరు (స్మారకం గోడ మీద పేరు చెక్కిన పలకది) ఉందంటే తెలిసిన సమాధే లేదని అర్థం. ఫ్రాన్స్, బెల్జియంలలో ఆచూకీ దొరకని భారతీయులు, దహనమైనవాళ్లు సుమారు 4,700 మంది పేర్లు 1927లో ఆవిష్కరించిన నవ్ షాపెల్ స్మారకం గోడ మీద ఉన్నాయి. మెర్విల్ దాకా వెళ్లినవాళ్లు అదీ చూసి రావాలి, దూరం తక్కువే.

నిర్వహణకు పూర్తి మార్కులు. రాళ్ల ముందు పొట్టి మొక్కలు అందానికే కాదు, వానకు మట్టి చింది అక్షరాలకు అంటకుండా కూడా. హిందువుల రాయి మీద దేవనాగరిలో ‘ఓం భగవతే నమః’, సిక్కులకు గురుముఖిలో, ముస్లింలకు అరబిక్‌లో మంత్రవాక్యం చెక్కారు. దాన్ని స్పష్టంగా ఫోటో తీయాలంటే ఎండ పక్కవాటుగా పడాలి. నడినెత్తి ఎండలో తెల్లరాయి మీద అక్షరాలు కనపడవు. వాటిని తేల్చడానికి సుద్ద, షేవింగ్ నురగ, బ్రష్ వాడకండి. సున్నపురాయి కాబట్టి నూనె, రంగు పొడి ఇట్టే పీల్చుకుంటుంది, మరక పోదు. పూలు రాయి అడుగున పెడితే చాలు.

పెద్ద లోటు ఒకటుంది, అది వెబ్‌సైట్‌ది కాదు, చరిత్రది. ఆఫ్రికా, పశ్చిమాసియాల్లో మొదటి యుద్ధంలో చనిపోయిన కనీసం 1,16,000 మందిని పేరుపేరునా, కొందరినైతే అసలే, స్మరించలేదని కమిషన్ నియమించిన కమిటీయే 2021లో తేల్చింది. అందుకే పేరు దొరకలేదంటే మనిషి లేడని కాదు. ఉన్న రికార్డులో తప్పుంటే సవరించమని కోరవచ్చు. దానికి ఆనాటి కాగితం కావాలి: పింఛను పత్రం, సర్వీసు పుస్తకం, పతకం అంచున చెక్కిన నంబరు ఫోటో, ఏదైనా సరే స్కాన్ జతచేసి పంపాలి.