ఏసీలో ఊగి, ఎండలో కుదురుకున్న కేబుల్

కణాలను వేగవంతం చేసే యాక్సిలరేటర్‌లో భాగాలన్నీ ఒకే తాళంలో నడిచేందుకు ఇచ్చే రిఫరెన్స్ సిగ్నల్ మోయడానికి ఏ కేబుల్ నిలబడుతుందో తేల్చే పని మా హనుమకొండ ల్యాబ్‌కు వచ్చి నాలుగేళ్లయింది. ఇండోర్‌లోని ఇండస్-2 యాక్సిలరేటర్ వాడే 505.8 మెగాహెర్ట్జ్ దగ్గరే పరీక్షలు పెట్టుకున్నాం.

మొదట కొన్నది 20 మీటర్ల టెఫ్లాన్ సెమీ రిజిడ్ కేబుల్, అంటే లోపలి తీగ చుట్టూ టెఫ్లాన్ నింపి పైన గొట్టం తొడిగినది. రాగి గొట్టం నిగనిగలాడుతుంటే ముచ్చటపడి తీసుకున్నాం. బయటి సిగ్నళ్లను ఆపే షీల్డింగ్‌కు వంక పెట్టలేం. కానీ ఏసీ 20 మీద పెట్టి కొలిచే పరికరం అనలైజర్‌లో చూస్తే ఫేజ్ గీత, అంటే తరంగం ఎంత ముందూ వెనకా అయిందో చూపే గీత, రాత్రింబవళ్లు ఊగుతూనే ఉంది. కనెక్టర్లు మార్చాం. అనలైజర్‌నే అనుమానించాం. మే నెలలో ఓ మధ్యాహ్నం ఏసీ చెడిపోయి గది 35 దాటింది. మా అటెండర్ స్క్రీన్ వైపు చూసి, "సార్, ఏసీ బందైనంక గీత సక్కగైంది గదా" అన్నాడు.

నిజమే. టెఫ్లాన్ స్ఫటిక నిర్మాణం 19 డిగ్రీల దగ్గర మారుతుంది. అందుకే 15 నుంచి 25 మధ్యలో ఫేజ్ గబగబా జారుతుంది. దీన్నే టెఫ్లాన్ మోకాలు అంటారు. మేము ఏసీ పెట్టి మరీ దాని మీద కూర్చున్నాం! ఆ 20 మీటర్లలో ఒకేసారి 48 తరంగాలు పడతాయి. విద్యుత్ పొడవు, అంటే సిగ్నల్‌కు కనిపించే కేబుల్ పొడవు, పదివేలలో ఒక వంతు మారినా ఫేజ్ 1.7 డిగ్రీలు కదులుతుంది. ఇప్పుడు ఏసీ 27 మీద ఉంటుంది. కరెంటు బిల్లూ తగ్గింది.

తర్వాత సెల్ టవర్లకు వాడే అర అంగుళం ఫోమ్ కేబుల్ వేశాం, దాని లోపల ఉండేది నురగ ప్లాస్టిక్. దానికి మోకాలు లేదు. వేడికి మారుతుంది కానీ నిదానంగా, లెక్కకు అందేలా. ధర కూడా భరించేదే. మొండిది, మూలల్లో వంచాలంటే చెమటలు పడతాయి. ఒకసారి బిగించాక ముట్టుకోలేదు, మూడేళ్లుగా మాట వింటోంది. పొడవాటి లైనుకు నా ఓటు దీనికే.

సిలికా కేబుల్ అన్నిటికన్నా స్థిరం, ధరా అన్నిటికన్నా ఎక్కువే. లోపలి సిలికా తేమ పీల్చకుండా ఫ్యాక్టరీలోనే సీలు చేసి పంపుతారు, మనం కోసి అతకలేం. నేను కొలత తప్పి ఇచ్చిన ఆర్డర్ జానెడు తక్కువొచ్చింది. చివరికి ర్యాకునే జరిపాం.

ఏ కేబుల్ కొన్నా, కనెక్టర్‌ను ప్రతిసారీ ఒకే బలంతో బిగించే టార్క్ రెంచ్ కొనండి. చేత్తో బిగించిన ప్రతిసారీ ఫేజ్ ఒక్కో మాట చెప్పింది.

టెఫ్లాన్ కేబుల్ పారేయలేదు. ఏసీ 18 నుంచి 24కు పెంచుతూ పిల్లలకు మోకాలు చూపించడానికి అంతకన్నా మంచిది దొరకదు.