అడవిపూల బ్లాక్ అండ్ వైట్‌కి ఫిల్మా, డిజిటలా?

బెంగళూరులో ఫోటోలు తీసే మనవాళ్లు నలుగురు కలిస్తే ఈ వాదన తప్పదు. నన్నడిగితే ఏం తీస్తారో ముందు చెప్పమంటాను. పువ్వైతే డిజిటల్, రాయో బెరడో అయితే ఫిల్మ్.

నగరానికి దక్షిణాన ఉన్న తురహళ్లి అడవి వైపు దారి పక్కన పొదలుపొదలుగా పెరిగే లంటానా గుత్తిని దగ్గరగా చూడండి. నడిమధ్యలో కొత్తగా విచ్చినవి పసుపు, అంచున ముదిరినవి ముదురు గులాబీ, కింద గరుకైన పచ్చటి ఆకు. కంటికి మూడూ వేరే, కానీ రంగు తీసేస్తే ఆ గులాబీ, ఆకుపచ్చ ఇంచుమించు ఒకే బూడిద రంగులోకి వచ్చి గుత్తి అంచు ఆకుల్లో కలిసిపోతుంది. డిజిటల్‌లో రా ఫైల్ (RAW, సెన్సర్ పట్టిన రంగుల సమాచారమంతా ఉండేది) ఉంటే ఇంటికొచ్చాక ఎరుపు వెలుగు పెంచి ఆకుపచ్చది తగ్గిస్తే చాలు, పువ్వు విడిగా తేలుతుంది, నచ్చకపోతే ఇంకోలా చూసుకోవచ్చు. ఫిల్మ్‌లో ఆ నిర్ణయం అక్కడికక్కడే లెన్స్ మీద జరగాలి: ఎరుపు ఫిల్టర్ పెడితే పువ్వు తెల్లబడి ఆకు నల్లబడుతుంది, ఆకుపచ్చ ఫిల్టర్‌తో దానికి తలకిందులు. పైగా ముదురు ఎరుపు ఫిల్టర్ దాదాపు 3 స్టాపుల వెలుతురు మింగేస్తుంది (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది), అంటే సెకనులో 250వ వంతులో తీసేది 30వ వంతుకి దిగుతుంది, గాలికి ఊగే పువ్వుకి అది అస్సలు సరిపోదు.

ఒక్క జాగ్రత్త, డిజిటల్ కెమెరాని మోనో (నలుపు తెలుపు) మోడ్‌లో పెట్టి మామూలు జేపెగ్ ఫోటో ఒక్కటే తీస్తే రంగుల సమాచారం పోయినట్టే. రా కూడా ఆన్ చేసుకోండి, స్క్రీన్ మీద నలుపు తెలుపే కనిపిస్తుంది, ఫ్రేమ్ కుదుర్చుకోవడానికి అదెంతో మేలు.

లాల్‌బాగ్ బండ దగ్గర లెక్క మారుతుంది. సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి నైస్ (gneiss) అనే చారల రాయి అది, రంగు తక్కువ, చారలెక్కువ. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ప్రతి గరుకుకీ చిన్న నీడ వస్తుంది, అక్కడ ఫిల్టర్‌తో పనే లేదు. ఇల్ఫర్డ్ వాళ్ల హెచ్‌పీ5 ప్లస్ లాంటి 400 ఐఎస్ఓ (వెలుతురుకి స్పందించే వేగం) ఫిల్మ్‌లో కనిపించే గ్రెయిన్, అంటే సన్నటి చుక్కల గరుకుదనం, ఆ రాతికి అచ్చంగా అతుకుతుంది, ఎండకి మెరిసే చోట తెలుపు డిజిటల్‌లోలా ఒక్కసారిగా వివరాలన్నీ పోయి పేలిపోదు కూడా. ఖర్చుంది, నిజమే, రోల్‌కి 36 ఫ్రేములే, ఆపైన కడిగించాలి, స్కాన్ చేయించాలి. అయినా రాతికి అది దండగ కాదు.

2023లో వచ్చిన పెంటాక్స్ కే-3 మార్క్ 3 మోనోక్రోమ్ లాంటి డిజిటల్ కెమెరాలు, సెన్సర్ మీద రంగుల ఫిల్టరే లేనివి, బెరడు మీది సన్నటి పగుళ్లని అద్భుతంగా పడతాయి. కాకపోతే వాటి ఫైల్‌లో రంగుల సమాచారమే ఉండదు, పువ్వు దగ్గర మళ్లీ లెన్స్‌కి ఫిల్టర్ తగిలించాల్సిందే, కాబట్టి పూలే ప్రాణమైనవాళ్లకి నేనది కొనమని చెప్పను.