ఆన్‌లైన్‌లో అమ్మే అరుదైన పండ్ల విత్తనాల కిట్: సపోటాకి ఓకే, పనసకి మాంగోస్టీన్‌కి అస్సలు వద్దు

రేటింగ్ ముందే ఇచ్చేస్తున్నా, 5కి 2. ఆ రెండు కూడా సపోటా, సీతాఫలం, జామ గింజలు మొలిచినందుకు. మిగతా వాటికి సున్నానే, ఎందుకంటే అవి అసలు ఎండబెట్టి కవర్లో పెట్టి అమ్మే రకం గింజలే కావు. కంపెనీ పేరు రాయట్లేదు, ఇలాంటి కిట్‌లు రకరకాల పేర్లతో అవే ఫోటోలు పెట్టి చాలామంది అమ్ముతున్నారు కాబట్టి ఎవరి దగ్గర కొనాలన్నా చూసుకోవాల్సిన విషయాలు ఇవే.

ఆరొందల లోపే అయింది. డబ్బాలో ఎనిమిది చిన్న జిప్ కవర్లు, ఒక్కోదాని మీద పండు పేరు: మాంగోస్టీన్, రాంబుటాన్, పనస, అవకాడో, అల్లనేరేడు, సపోటా, సీతాఫలం, జామ. నీళ్ళలో వేస్తే ఉబ్బే కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) బిళ్ళలు, మూత ఉన్న నల్ల ట్రే, ఎలా నాటాలో ఇంగ్లీషులో ఒక కాగితం. ప్యాకింగ్ నీట్‌గా ఉంది, డెలివరీ చెప్పిన టైమ్‌కే వచ్చింది, అక్కడ వంక పెట్టడానికేం లేదు. కానీ ఏ కవర్ మీదా తేదీ లేదు. మామూలు బెండ విత్తనాల ప్యాకెట్ తీసుకున్నా వెనక టెస్ట్ చేసిన తేదీ, ఎప్పటిదాకా పనికొస్తుంది, కనీసం ఎంత శాతం మొలుస్తుంది అన్నీ వేసి ఉంటాయి, ఇక్కడ మాత్రం పండులోంచి గింజ ఏ రోజు తీశారో ఎక్కడా లేదు, పనస లాంటి వాటికి మనకి కావాల్సింది ముందు ఆ తేదీనే.

పనస కవర్ విప్పగానే సంగతి అర్థమైపోయింది. తాజా పనస గింజ ఎట్లుంటదో మనందరికీ తెలిసిందే, తొన చీల్చగానే జిగటగా చేతిలోంచి జారిపోతుంది, పైన పల్చటి తెల్ల పొర, దాని కింద గోధుమ రంగు పొర, కోస్తే లోపల తెల్లగా గట్టిగా కత్తికి తడి అంటుతుంది. ఈ కవర్లోవి ఊపితే గలగలమన్నాయి. ఒకటి మధ్యలోకి కోసి చూస్తే పప్పు బద్దలు రెండూ ఎండి ముడుచుకుని ఒకదానికొకటి దూరం జరిగి ఉన్నాయి, మొలక వచ్చే కొన దగ్గర నల్లగా అయిపోయింది. మిగిలినవి కాగితంలో రాసినట్టే నానబెట్టి బిళ్ళల్లో పెట్టా, వారం తిరిగేసరికి బూజు పట్టి మెత్తగా వాసనొచ్చాయి. అవకాడో, నేరేడు, రాంబుటాన్ కూడా అంతే.

ఎందుకిలా అంటే, వడ్లు, కందులు, బెండ, టమాటా ఇవన్నీ ఎండబెడితే నిద్రపోయే గింజలు, మళ్ళీ తడి తగలగానే లేస్తాయి. మామిడి, పనస, నేరేడు, అవకాడో, రాంబుటాన్, లిచీ, కోకో, మాంగోస్టీన్ గింజలకి ఆ నిద్ర అనేది లేదు. పండు రాలి తడి నేల మీద పడగానే మొలవడమే వాటి పద్ధతి, అందుకని చెట్టు మీంచి దిగేటప్పటికే లోపల నిండా తేమతో ఉంటాయి, ఆ తేమ ఒక హద్దు దాటి తగ్గిందా లోపల పిండం చచ్చిపోతుంది, ఇక ఎన్ని రోజులు నానబెట్టినా లేవదు. పోనీ ఫ్రిజ్‌లో పెడదామంటే ఇలాంటి ఉష్ణ మండలం గింజల్లో చాలావాటికి ఆ చలి కూడా పడదు. సైన్సులో వీటిని రికాల్సిట్రంట్ విత్తనాలు అంటారు, రాబర్ట్స్ అనే ఆయన 1973లో విత్తనాలని ఇలా రెండు రకాలుగా విడదీసి పేర్లు పెట్టారు. అంటే యాభై ఏళ్ళ నుంచీ తెలిసిన విషయమే ఇది. విత్తనాల వ్యాపారం చేసేవాళ్ళకి తెలియదు అంటే నేను నమ్మను.

మాంగోస్టీన్ కవర్లో వచ్చినవైతే మాంగోస్టీన్ గింజలే కావు. సన్నగా, నల్లగా, గుప్పెడు ఉన్నాయి. అసలు మాంగోస్టీన్ పండు ఎప్పుడైనా కోశారా, ఊదా రంగు మందపాటి తొక్క, లోపల వెల్లుల్లి పాయలా తెల్లటి తొనలు, మామూలుగా ఐదు నుంచి ఎనిమిది ఉంటాయి, పండు అడుగున చిన్న పువ్వులాంటి గుర్తు ఉంటుంది చూడండి, దానికి ఎన్ని రేకులుంటే లోపల అన్ని తొనలు. ఆ తొనల్లో గింజ ఉండేది పెద్దగా ఉబ్బిన ఒకటి రెండింట్లో, మహా అయితే మూడు, కొన్ని పండ్లలో అసలు ఉండదు. ఆ గింజ కూడా బొటనవేలి గోరంత, చదునుగా, గుజ్జు పీచు అంటుకుని ఉంటుంది. మన దగ్గర ఈ పండు కిలో వందల్లో పలుకుతుంది, అలాంటిది గుప్పెడు గింజలు ఇంత చవగ్గా ఎట్లా వస్తాయి? ఫోటోలు చూసి టెంప్ట్ అయ్యేవాళ్ళు ఈ ఒక్క లెక్క వేసుకున్నా చాలు.

కస్టమర్ కేర్‌కి ఫోటోలు పంపితే "నీళ్ళు ఎక్కువైనట్టున్నాయి మేడమ్, మొలవడం మీ వాతావరణం మీద కూడా డిపెండ్ అవుతుంది" అన్నారు. కోసిన గింజ ఫోటో పంపాక తర్వాతి ఆర్డర్ మీద డిస్కౌంట్ కూపన్ ఇచ్చారు. రిఫండ్ మాటే లేదు.

ఆరొందలు పోతే పోయాయి. నన్ను బాధపెట్టేది పోయిన సీజన్. టమాటా నారు పోతే మళ్ళీ పదిహేను రోజుల్లో వేసుకుంటాం. నేరేడు గింజ మొలవలేదంటే మళ్ళీ నేరేడు పండ్లు రావాలి, అంటే ఇంకో జూన్. గింజ నుంచి పెంచితే నేరేడుకి ఎనిమిది పదేళ్ళు, పనసకి ఐదు నుంచి ఎనిమిదేళ్ళు, సపోటాకి ఆరేడేళ్ళు పైనే, మాంగోస్టీన్‌కి అన్నీ కుదిరితే ఏడు నుంచి పదేళ్ళు, చాలాసార్లు ఇంకా ఎక్కువ. మా పాప ఇప్పుడు ఒకటో తరగతి, అది టెన్త్‌కి వచ్చేసరికి మన చెట్టు కాయ తింటుందని అనుకుని నాటుతాం కదా, ఇలాంటి కల పెట్టుకుని కొనేవాళ్ళకి చచ్చిన గింజలు అమ్మితే ఏడాది వెనక్కి పోతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళైతే నా చేతికి మొక్క బతకదు అని అక్కడితో మానేస్తారు కూడా. అది ఇంకా అన్యాయం.

ఇక బాగున్నవి. సపోటా గింజలు చాలా బాగున్నాయి, నల్లగా మెరుస్తూ ఒక అంచున తెల్ల గీతతో, దాదాపు నెల తీసుకున్నాయి కానీ చాలావరకు మొలిచాయి. సపోటా గింజ ఆరినా బతుకుతుంది. సీతాఫలం గింజ గట్టిది, లేటుగా లేస్తుంది, ఓపిక పట్టాలి అంతే. అయినా సీతాఫలం గింజలు హైదరాబాద్‌లో డబ్బులిచ్చి కొనడమేంటి, దసరా టైమ్‌కి ఏ రోడ్డు మీద చూసినా గంపలే, బాలానగర్ రకం మన పాలమూరు వైపుదే, తిన్న పండులో గింజలు కడిగి ఆరబెట్టి దాచుకుంటే వానాకాలానికి చాలు. జామకి కోకోపీట్ బిళ్ళలు బాగా సరిపోయాయి. ట్రే మాత్రం పెద్ద గింజలకి పనికిరాదు, గుంట లోతు రెండంగుళాలు కూడా లేదు, పనస మొలక ఆకు కనబడేసరికే తల్లివేరు చాలా కిందకి దిగి ఉంటుంది, ట్రే అడుగు తగలగానే చుట్టుకుపోతుంది, తర్వాత మార్చి నాటేటప్పుడు ఆ వేరు తెగితే మొక్క తట్టుకోలేదు. పనసకైనా మామిడికైనా పొడుగ్గా సన్నగా ఉండే నల్ల పాలిథీన్ కవర్లు కొనండి, నర్సరీ సామాన్లు అమ్మే దుకాణాల్లో కిలో లెక్కన ఇస్తారు, మస్తు చవక. సగం ఎర్రమట్టి, మిగతాది ఇసుక, బాగా మాగిన ఎరువు కలిపి నింపి, అడుగున కన్నాలు ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు.

మరి గింజ ఎక్కడ దొరుకుతుంది అంటే పండులోనే. ఎండాకాలంలో పనస తొనలు అమ్మే బండి దగ్గర ఆగి పెద్ద తొనలు ఏరుకున్నా, ఆ బండి ఆమె "గింజలు పారేయకు బిడ్డా, ఉడకబెట్టుకుని తింటే మంచిగుంటయి" అంది, నాటనీకి అమ్మా అంటే కింద పడ్డవి కూడా నాలుగు ఏరి కవర్లో వేసింది. ఇంటికొచ్చి జిగట పోయేదాకా కడిగి, ఆరబెట్టకుండా అదే సాయంత్రం కవర్లలో అంగుళం లోతున అడ్డంగా పెట్టా. ఒక్కటీ కుళ్ళలేదు, అన్నీ వచ్చాయి. కాయ మొత్తం కావాలనుకునేవాళ్ళు సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో చూడండి, కొత్తపేట పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం పోయింది కాబట్టి హోల్‌సేల్‌కైతే అటు పోవాలి.

నేరేడు ఇంకా సులువు, వానలు మొదలయ్యే టైమ్‌కే పండుతుంది. తినేసి గింజ రెండు మూడు రోజుల్లో నాటేయండి, రెండు వారాలు దాటితే ఆశ వదులుకోవాలి. ఒక గింజలోంచి రెండు మూడు మొలకలు వస్తే కంగారు పడకండి, దాని గుణం అది, బలంగా ఉన్నది ఉంచి మిగతావి కత్తిరించేయండి, పీకితే ఉంచాల్సినదాని వేరు కదులుతుంది. మామిడి టెంకని అంచు వెంట కత్తెరతో జాగ్రత్తగా తెరిచి లోపలి జీడి బయటికి తీసి నాటితే తొందరగా వస్తుంది, పురుగుంటే అప్పుడే కనబడుతుంది. కానీ బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి రాదు, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి, మన వైపు మామిడిలో టెంకకి ఒకటే మొలక, అది తల్లి చెట్టుకి నకలు కాదు. అదే రుచి కావాలంటే అంటు మొక్కే తెచ్చుకోవాలి, అంటు పుల్ల కాపుకొచ్చిన చెట్టుది కాబట్టి మూడు నాలుగేళ్ళలోనే కాస్తుంది. రాంబుటాన్ కూడా అంటు మొక్కే తీసుకోండి, గింజ మొక్కల్లో చాలా మగ చెట్లు వస్తాయి, ఏళ్ళ తరబడి నీళ్ళు పోశాక పూలొచ్చి కాయ రాకపోతే ఆ బాధ మామూలుగా ఉండదు. మాంగోస్టీన్‌ది దీనికి పూర్తిగా రివర్స్, ఆ గింజ తల్లి చెట్టు కణాల నుంచే తయారవుతుంది, పుప్పొడితో పనిలేదు, అందుకని గింజ మొక్కైనా తల్లిలాగే ఉంటుంది.

అయితే మాంగోస్టీన్ మన ఊరికి కష్టమే, చెప్పాల్సింది చెప్పాలి కదా. తాజా పండు గింజ తీసి తడి కోకోపీట్‌లో పెడితే మొలవడం మొలుస్తుంది, తర్వాత నడక చాలా నిదానం, రెండేళ్ళకి అడుగు ఎత్తు వస్తే గొప్ప. కేరళలో, నీలగిరి కింద కల్లార్, బర్లియార్ తోటల్లో కాస్తుందంటే అక్కడి గాలిలో తేమ వేరు. మనకి ఏప్రిల్, మేలో 42 డిగ్రీల పొడి ఎండ, పైగా చాలా కాలనీల్లో బోరు నీళ్ళు ఉప్పు, ఆకు అంచులు మాడిపోతాయి, అవకాడోకీ ఇదే సమస్య. షేడ్ నెట్ కింద పెట్టి, పట్టిన వాన నీళ్ళు పోస్తూ చూసుకునే ఓపిక ఉంటే పెంచండి, నేనూ పెంచుతున్నా, దాని ఆకు అంత మందంగా నిగనిగలాడుతుంటే వదలబుద్ధి కాదు. కాయల సంగతి మాత్రం ఎవరికీ మాటివ్వలేను.

మన ఎండకి, మన నేలకి సరిపోయే నిదానం చెట్లు కావాలంటే పనస, నేరేడు, సపోటా, చింత ఉన్నాయి, వీటన్నిటికంటే వెలగ. వినాయక చవితికి పాలవెల్లికి కట్టడానికి వెలగ కాయలు తెస్తాం కదా, పండినది ఒకటి పగలగొట్టి గుజ్జులో గింజలు కడిగి వేసి చూడండి, రెండు మూడు వారాల్లో లేస్తాయి. కాపుకి ఒక్కోసారి పదిహేనేళ్ళు కూడా పట్టే చెట్టు, ఇప్పుడు ఎవరూ నాటట్లేదు, నర్సరీల్లోనూ అరుదుగానే కనబడుతోంది. మేడ మీద కుండీలో ఇవేవీ పెద్దవి కావు, రెండు మూడేళ్ళు పెంచాక నేల చూపించాల్సిందే. మావి చౌటుప్పల్ దగ్గర అత్తమ్మ వాళ్ళ పొలం గట్టుకి పోతాయి, పనస నాలుగు, సపోటా రెండు, ఎక్కడెక్కడ పెట్టాలో అత్తమ్మ ఇప్పటికే పుల్లలు పాతి పెట్టింది.

ఇంత చదివాక కూడా ఆన్‌లైన్‌లోనే కొనాలనుకుంటే, ఆర్డర్ పెట్టే ముందు అమ్మేవాళ్ళకి మెసేజ్ పెట్టి పండులోంచి గింజ ఏ రోజు తీశారు, ఎట్లా పంపుతారు అని అడగండి. సీజన్‌లో మాత్రమే అమ్ముతాం, పండు కోసిన రోజే తడి కోకోపీట్‌లో చుట్టి పంపిస్తాం అంటే కొనండి, డబ్బు కొంచెం ఎక్కువైనా పర్లేదు. ఏడాది పొడవునా స్టాక్ ఉంటుంది అంటే మాత్రం సపోటా, సీతాఫలం, జామ వరకే తీసుకోండి.