అమ్మతో నాలుగు జర్మన్ యూనివర్సిటీ ఊళ్లు

గుంటూరు దగ్గర బీటెక్ మెకానికల్ ఆఖరి ఏడాదిలో ఉన్న మా తమ్ముడు ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది ఒకటే: "అక్కా, జర్మనీలో నంబర్ వన్ యూనివర్సిటీ ఏది?" ఫ్రాంక్‌ఫర్ట్‌లో నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తున్నా వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. మన దగ్గర ఐఐటీ అంటే ఐఐటీయే. ఇక్కడ యూనివర్సిటీలు రాష్ట్రాల చేతిలో ఉంటాయి, ఒక్కో ఊరికి ఒక్కో సబ్జెక్టులో పేరు. 2025 మేలో అమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. "కోటలూ రాజప్రాసాదాలూ తర్వాత చూద్దాంలే, చిన్నోడు చదవబోయే చోట్లు చూపించు" అంది. సెలవు పెట్టి బయల్దేరాం.

ఇద్దరికీ అప్పట్లో నెలకు 58 యూరోలున్న డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకున్నాం. లోకల్, రీజనల్ రైళ్లన్నీ ఎక్కొచ్చు, వేగంగా వెళ్లే ఐసీఈలు మాత్రం ఎక్కకూడదు. టైమ్ ఎక్కువ పడుతుంది కానీ డబ్బు బాగా మిగులుతుంది. ఇది చందా లాంటిది, నెలలో 10వ తారీఖు లోపు రద్దు చేయకపోతే మరుసటి నెల డబ్బు కూడా పోతుంది.

మొదట హైడెల్‌బర్గ్. 1386లో పెట్టిన ఈ యూనివర్సిటీ జర్మనీలో అన్నిటికన్నా పాతది. బున్‌సెన్, కిర్‌కాఫ్ కలిసి వెలుగును విడదీసి చూసి సీజియం, రుబీడియం మూలకాలను కనిపెట్టింది ఇక్కడే. ఇప్పుడు అసలు బలం వైద్యం, జీవశాస్త్రాలు. నది అవతల నొయెన్‌హైమర్ ఫెల్డ్‌లో ఆస్పత్రులు, లేబొరేటరీలు, జర్మన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం పక్కపక్కనే ఉంటాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు వైరస్ కారణమని తేల్చి 2008లో నోబెల్ అందుకున్న హరాల్డ్ త్సుర్ హౌజెన్ ఆ కేంద్రానికి ఇరవై ఏళ్లు అధిపతి. బయోటెక్ పిల్లలకు కళ్లు మూసుకుని చెప్తాను ఈ పేరు. మా వాడి మెకానికల్‌కు మాత్రం ఇది చోటు కాదు. పైగా ఈ రాష్ట్రంలో యూరప్ బయటి నుంచి వచ్చినవాళ్లకు 2017 నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోల ఫీజు ఉంది, అంటే అప్పటి రేటులో మన డబ్బు సుమారు లక్షా నలభై వేలు. జూ పక్కన యూత్ హాస్టల్లో దిగాం. దుప్పట్లు, టిఫిన్ అద్దెలోనే కలిపి ఇస్తారు, మెంబర్‌షిప్ కార్డు మాత్రం తీసుకోవాలి. శుభ్రంగా ఉంది, అమ్మకు నచ్చింది.

గోటింగెన్‌కు నిజానికి అమ్మ కోసం వెళ్లాను. 1 నుంచి 100 వరకు కూడమంటే క్షణంలో 5,050 అని చెప్పిన పిల్లాడి కథ అమ్మ ప్రతి ఏడాదీ ఎనిమిదో తరగతికి చెప్పేది. ఆ పిల్లాడే గౌస్, పెద్దయ్యాక 1807 నుంచి చనిపోయేదాకా ఈ ఊళ్లోనే ప్రొఫెసర్. ఆయన సమాధి ముందు అమ్మ చెప్పులు విప్పి నిలబడింది. తర్వాత ఊరి పెద్ద శ్మశానానికి నడిచాం. చెట్ల నీడన ఒక రాయి మీద గణిత శాస్త్రవేత్త హిల్‌బర్ట్ పేరు, కింద జర్మన్‌లో రెండు వాక్యాలు: "మనం తెలుసుకోవాలి. మనం తెలుసుకుంటాం." చదివి వినిపించాను. అమ్మ ఇంకోసారి చదవమంది.

భౌతిక శాస్త్రవేత్త మాక్స్ బోర్న్ సమాధి రాయి మీద ఒక సమీకరణం చెక్కి ఉంది: పీక్యూ మైనస్ క్యూపీ, దానికి సమానంగా ప్లాంక్ స్థిరాంకంతో ఒక విలువ. అమ్మ వేలితో ఆ అక్షరాల గాడిని తడుముతూ, "ఇది మాత్రికల లెక్క కదే. గుణించేటప్పుడు ముందూ వెనకా మారిస్తే జవాబు మారిపోతుంది" అంది. సరిగ్గా అదే. 1925లో ఇక్కడి యువ భౌతిక శాస్త్రవేత్త హైజెన్‌బర్గ్ పరమాణువుల గురించి రాసిన లెక్కలు మాత్రికలేనని మొదట గుర్తుపట్టింది బోర్నే. గణిత శాస్త్రవేత్త ఎమ్మీ నోథర్‌ను ఆడమనిషి అన్న కారణంతో 1919 దాకా సొంత పేరుతో పాఠం చెప్పనివ్వలేదనీ, ఆమె క్లాసులు హిల్‌బర్ట్ పేరు మీద నడిచాయనీ చెప్పాను. 1933లో నాజీలు రాగానే యూదులైన నోథర్, బోర్న్ లాంటివాళ్లు ఉద్యోగాలు పోయి దేశం విడిచి వెళ్లారు. ప్రపంచానికి లెక్కలు నేర్పిన విభాగం కొన్ని నెలల్లో ఖాళీ అయింది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. లెక్కలు, భౌతికశాస్త్రం ఇష్టపడే పిల్లలు ఈ ఊరిని వదులుకోవద్దు. మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థలు కూడా ఉన్నాయి, ఊరు చిన్నది, ట్యూషన్ ఫీజు లేదు.

ఇక్కడ దిగిన గెస్ట్‌హౌస్‌తో మాత్రం ఇబ్బంది పడ్డాం. రాత్రి 8కి రిసెప్షన్ మూసేశారు, తలుపు కోడ్ మెయిల్ చేస్తామన్నవాళ్లు చేయలేదు. నలభై నిమిషాలు అమ్మతో మెట్ల మీద కూర్చున్నాను. చిన్న ఊళ్లలో రూమ్ బుక్ చేసేముందు చెక్-ఇన్ ఎన్నింటి వరకో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. మర్నాడు యూనివర్సిటీ క్యాంటీన్‌లో, ఇక్కడ మెన్సా అంటారు, తిన్నాం. బయటివాళ్లకు రేటు కాస్త ఎక్కువైనా హోటల్ కన్నా చాలా నయం. ఉడికించిన బంగాళాదుంపలు, గట్టి పెరుగు లాంటి క్వార్క్. అమ్మ బ్యాగులోంచి కందిపొడి తీసింది.

ఆఖెన్‌లో దిగగానే ఎలిజెన్‌బ్రున్నెన్ అనే ఊట మంటపం దగ్గర కుళ్లిన గుడ్ల వాసన. కుళాయిల్లో వేడి గంధకపు నీళ్లు, వేడినీటి ఊటల మీద కట్టిన ఊరు ఇది. 1870లో మొదలైన ఇక్కడి టెక్నికల్ యూనివర్సిటీ ఆర్‌డబ్ల్యూటీహెచ్‌లో మెకానికల్, ప్రొడక్షన్ ముఖ్యమైన చదువులు. 1906లో పెట్టిన యంత్ర పరికరాల లేబొరేటరీ ఇంకా ముందు వరసలో ఉంది. జర్మన్ పోస్టు వాళ్లు పసుపు ఎలక్ట్రిక్ వ్యానుల కోసం కొన్న స్ట్రీట్‌స్కూటర్ కంపెనీ పుట్టింది ఈ యూనివర్సిటీలోనే. ట్యూషన్ లేదు. సెమిస్టర్‌కు 300 యూరోల పైన కట్టాలి, దేశమంతా తిరిగే టికెట్ అందులోనే. కానీ జాగ్రత్త, ఇక్కడి ఇంటర్నేషనల్ అకాడమీ నడిపే ఇంగ్లీష్ మాస్టర్స్ కోర్సులకు వేలల్లో ఫీజు ఉంది. "జర్మనీలో చదువు ఫ్రీ" అని ఎవరైనా చెప్తే ఏ కోర్సు, ఏ రాష్ట్రం అని అడగండి. యూనివర్సిటీ వాళ్ల సూపర్ సీ భవనం ముందు ముగ్గురు తెలుగు పిల్లలు కలిశారు. గది దొరకడానికి మూడు నెలలు పట్టిందట ఒకడికి. చూడని ఇంటికి అడ్వాన్స్ పంపి మోసపోయినవాళ్లూ ఉన్నారని చెప్పాడు. అమ్మకు టెన్షన్ పట్టుకుంది.

మ్యూనిక్‌లో ఒక్క రోజే. యూ6 రైలు ఎక్కితే గార్షింగ్ క్యాంపస్. టెక్నికల్ యూనివర్సిటీ లెక్కల భవనంలో పైనుంచి కిందికి జారే రెండు పెద్ద జారుడుబల్లలు ఉన్నాయి. కంప్యూటర్ సైన్స్, ఆటోమొబైల్, రోబోటిక్స్ ఏది చెప్పినా బలమే. డీజిల్ ఇంజిన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ చదువుకున్నది ఈ సంస్థలోనే. కానీ 2024 శీతాకాలం నుంచి కొత్తగా చేరే మన పిల్లలకు మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోలు, పైన దేశంలోనే ఎక్కువైన అద్దెలు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే జమ చేసి నెలనెలా కొంత తీసుకునే ఖాతా) చూపాల్సిన 11,904 యూరోలు ఈ ఊళ్లో ఏడాదికి చాలవని నా లెక్క.

ఆ రాత్రి వీడియో కాల్‌లో తమ్ముడికి ఆఖెన్ మొదటిది అని చెప్పాను. వాడు మ్యూనిక్ పేరే ఎత్తుతున్నాడు, ర్యాంకు చూశాడట. అమ్మ ఫోన్ లాక్కుని, "ర్యాంకు సంగతి తర్వాత. నువ్వు ముందు జర్మన్ నేర్చుకో, నీ చదువు కాగితాలు అసలైనవని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కు కాగితాలు సర్దుకో. వచ్చేముందు గది చూసుకో" అంది. ఊరికి వెళ్లేటప్పుడు జర్మన్ మొదటి మెట్టు, అదే ఏ1, పుస్తకాలు రెండు సూట్‌కేసులో పెట్టుకుంది. ఒకటి వాడికి, ఒకటి తనకు.