రూస్ (నాటి రష్యా) రాజుల ఊళ్లలో: వ్లాదిమిర్, సుజ్దాల్, పెరెస్లావ్ల్

మాస్కో నుంచి వ్లాదిమిర్‌కు వేగంగా వెళ్లే రైలు రెండు గంటల లోపే చేరుస్తుంది. స్టేషన్ దగ్గర గది తీసుకుంటే గుట్ట ఎక్కగానే ఉస్పెన్‌స్కీ కెథడ్రల్. 1238 ఫిబ్రవరిలో మంగోలులు నగరంలోకి చొరబడినప్పుడు వ్లాదిమిర్ మహారాజు యూరీ కుటుంబం తలదాచుకుని మంటల్లో చనిపోయింది ఇక్కడే. నెల తిరగకుండానే సీత్ నది దగ్గర యూరీ కూడా నేలకొరిగాడు. ప్రఖ్యాత చిత్రకారుడు ఆండ్రేయ్ రుబ్ల్యోవ్ 1408లో వేసిన కుడ్యచిత్రాల కోసమే చాలామంది వస్తారు. నేను మాత్రం సమాధుల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను.

ఆ వంశంలో అన్న పోతే గద్దె తమ్ముడికి, ఆ తర్వాతే కొడుకుల తరానికి. అలా యూరీ తమ్ముడు యారొస్లావ్ వచ్చాడు. అయితే 1243లో అతను మంగోలు పాలకుడు బాతూ ఖాన్ దగ్గరకు వెళ్లి, పాలించడానికి యార్లిక్ అనే అనుమతిపత్రం తెచ్చుకోవలసి వచ్చింది. ఇక రక్తసంబంధం ఒక్కటే చాలలేదు. 1252లో మంగోలు సేన తరిమితే అప్పుడు గద్దె మీదున్న యారొస్లావ్ కొడుకు ఆంద్రేయ్ స్వీడన్‌కు పారిపోయాడు. గద్దె అతని అన్న అలెగ్జాండర్ నేవ్‌స్కీకి దక్కింది.

సుజ్దాల్ అందమైన ఊరు, సందేహం లేదు. చెక్క ఇళ్లలోని బసలు హాయిగా ఉంటాయి, ఉదయం పెట్టే జున్ను అట్లు కమ్మగా ఉంటాయి. కానీ వారాంతంలో గదుల ధరలు మండిపోతాయి. ఈ కథ కోసమే వెళ్తే ఒక పూట చాలు.

నా మనసు గెలిచింది పెరెస్లావ్ల్-జలెస్కీ. ఊళ్లోకి రైలు లేదు, మాస్కో నుంచి బస్సే గతి. హోటళ్లు సాదాసీదా. అయినా 1152లో మొదలైన ఆ చిన్న తెల్లరాతి గుడి ముందు ఆ కుటుంబ చరిత్ర కళ్లకు కడుతుంది. నేవ్‌స్కీ పుట్టిన ఊరిది. అతని కొడుకు ద్మీత్రి, మనవడు ఇవాన్ సమాధులు ఈ గుడిలోనే ఉన్నాయి. ద్మీత్రి ఏళ్ల తరబడి సొంత తమ్ముడు ఆంద్రేయ్‌తో (పైన చెప్పిన ఆంద్రేయ్ వేరు) గద్దె కోసం పోరాడాడు. ఆ తమ్ముడు మంగోలు సేనలనే అన్న మీదికి తెచ్చాడు. 1302లో పిల్లలు లేకుండా చనిపోతూ ఇవాన్ ఈ ఊరిని ఆ చిన్నాన్నకు కాకుండా మరో చిన్నాన్న, మాస్కో పాలకుడు దనీల్‌కు రాసిచ్చాడు. అప్పటికి మాస్కో చిన్న సంస్థానమే. దాని ఎదుగుదలలో ఈ వీలునామా పాత్ర నాకు చాలా పెద్దదిగా తోస్తుంది.

గుడి తలుపులు అన్ని కాలాల్లోనూ తెరిచి ఉండవు, బయల్దేరే ముందే కనుక్కోండి. మన బ్యాంకు కార్డుల మీద ఆధారపడకుండా రూబుళ్లు చేతిలో ఉంచుకోండి. శాకాహారులకు బక్‌వీట్ జావ, పుట్టగొడుగుల కూర, అట్లు దాదాపు అన్నిచోట్లా దొరుకుతాయి.