శోధ్‌గంగ: కుమ్మరి పదాల వెంట ఐదేళ్ళు తిరిగాక రాస్తున్న రివ్యూ

మా ఇంట్లో పీహెచ్‌డీ దాకా వచ్చిందాన్ని నేనే. నాన్న ప్రకాశం జిల్లాలో సారె తిప్పి బతికిన మనిషి. కుమ్మరి వృత్తి పదజాలం మీద పరిశోధన చేస్తానని తెలుగు శాఖలో చేరిననాటికి సిద్ధాంత గ్రంథమనేది ఎలా ఉంటుందో నేను కళ్ళతో చూడలేదు. మొదటి అధ్యాయంలో ఏం రాస్తారు, ప్రశ్నావళిని లోపల పెట్టాలా, చివర అనుబంధంలో పెట్టాలా? ఇలాంటివి గైడు సారును అడగాలంటే బెరుకు. చేరి అన్నాళ్ళయినా ఇది కూడా తెలియదా అంటారేమోనని. హాస్టల్లో మా సీనియర్ అక్క నా ఫోను తీసుకుని ఒక సైటు తెరిచి, "ముందు ఇందులో పది థీసిస్‌లు తిరగెయ్, తర్వాత సారు దగ్గరికి వెళ్ళు" అంది. అదే శోధ్‌గంగ, దేశంలోని పీహెచ్‌డీ గ్రంథాలను అందరూ చదువుకునేలా ఒక్కచోట పెట్టిన సైటు. కొత్తగా పరిశోధనలో చేరే పిల్లల కోసం దాని గురించి రాస్తున్నాను.

దీన్ని నడిపేది గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం. పీహెచ్‌డీ గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాల్సిందేనని 2009లో యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) నిబంధన పెట్టింది. 2022 నిబంధనల్లో పట్టా ప్రకటించక ముందే ఆ ప్రతి ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు చేరాలని ఉంది. దేశంలోని విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిన 5 లక్షలకు పైగా గ్రంథాలు ఇప్పుడు అందులో ఉన్నాయి. చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. ఏ విశ్వవిద్యాలయం ఐడీ కార్డూ అడగరు. ఈ చివరి మాట విలువ నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను మధ్యలో రెండేళ్ళు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పార్ట్ టైమ్‌గా చేశాను. 2025 జనవరి నుంచి వచ్చిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ (చందా కట్టాల్సిన పరిశోధన పత్రికల్ని చదవనిచ్చేది) మంచి పథకమే, కానీ అది ప్రభుత్వ సంస్థల వాళ్ళకు. అలాంటి కాలేజీలో పనిచేసే వాళ్ళకు ఈ తలుపు మాత్రం తెరిచే ఉంటుంది.

మా సీనియర్ అక్క కథ వింటే ఇంకా బాగా అర్థమవుతుంది. ఆవిడకు కావాల్సిన గ్రంథం వేరే ఊళ్ళోని విశ్వవిద్యాలయంలో ఉంటే గైడు చేత ఉత్తరం రాయించుకుని, రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగి, లైబ్రరీ తెరిచేదాకా మెట్ల మీద కూర్చుందట. జిరాక్స్ తియ్యనివ్వరు. లైబ్రరీ మూసే వేళ దాకా నోట్సు రాసుకుని మళ్ళీ రాత్రి బస్సు. అలా మూడుసార్లు. ఆ చార్జీలు, ఆ రాత్రి ప్రయాణాలు లేకపోవడం వల్ల ఎంతమంది ఆడపిల్లలు పరిశోధన మధ్యలో మానకుండా నిలబడ్డారో ఎవరూ లెక్క కట్టి ఉండరు. నేను మాత్రం వాళ్ళలో ఒకదాన్ని.

ఒక గ్రంథాన్ని తెరిస్తే మొత్తం ఒకే ఫైలుగా రాదు. శీర్షిక పుట ఒకటి, ముందు పేజీలు ఒకటి, విషయసూచిక ఒకటి, ప్రతి అధ్యాయం ఒకటి, ఇలా ముక్కలుగా ఉంటాయి. 01 నంబరుతో మొదలవుతాయి. చివర్లో 80 నంబరుతో ‘రికమెండేషన్’ అని ఒక ఫైలు కనిపిస్తుంది. దాన్ని ముందు తెరవండి. చాలావాటిలో శీర్షిక పుటతో పాటు ముగింపు అధ్యాయం అక్కడే ఉంటుంది, ఈ గ్రంథం మనకు పనికొస్తుందో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది. ఈ ముక్కల పద్ధతిని విసుక్కునే వాళ్ళు చాలామంది. నాకైతే రోజుకు ఒక జీబీ డేటాతో అదే మేలైంది, కావాల్సిన అధ్యాయమే దించుకునేదాన్ని.

నేను ఎక్కువగా చదివింది కృతజ్ఞతల పేజీలు. నవ్వొద్దు, అందులో ఒక లోకం ఉంది. ఎవరు ఎవరి శిష్యులు, ఏ ఊళ్ళో ఎవరు సమాచారం ఇచ్చారు, డీటీపీ ఎవరు చేశారు, అన్నీ అక్కడ దొరుకుతాయి. వృత్తి పదాల మీద పనిచేసిన ఒక పెద్దాయన పేరు నాలుగు వేర్వేరు గ్రంథాల కృతజ్ఞతల్లో కనిపించింది. మా సారుకు చెబితే ఆయనకు ఫోన్ చేసి నన్ను పరిచయం చేశారు. నా ప్రశ్నావళిలో సగం ప్రశ్నలు ఆ పెద్దాయన దిద్దినవే.

ఇక వెతకడం. తెలుగు గ్రంథాల పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించి ఉంటాయి. ‘వృత్తి’ అనే మాటనే ఒకరు ‘ఆర్ ఐ’ వేసి రాస్తారు, ఇంకొకరు ‘ఆర్ యు’ వేసి రాస్తారు, మరొకరు చివర ‘టి’ పక్కన ‘హెచ్’ చేరుస్తారు. ఒక స్పెల్లింగుతో వెతికి ఏమీ లేవనుకుంటే మోసపోతాం. నేను మొదటి నెలంతా అలాగే అనుకున్నాను, ఈ విషయం మీద ఎవరూ పని చెయ్యలేదని సారుకు చెప్పేశాను కూడా. తర్వాత విశ్వవిద్యాలయం పేరు పట్టుకుని, లోపల తెలుగు శాఖలోకి వెళ్ళి, జాబితా మొత్తం కిందికి జరుపుకుంటూ చూస్తే బయటపడ్డాయి. ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, హైదరాబాద్ విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల జాబితాలు ఓపిగ్గా చూడండి. ఆ ఓపిక దండగ కాదు.

నా మనసు నొచ్చింది మాత్రం ఒక చోట. ఒక గ్రంథం చివర చక్కని పదసూచి ఉంది. ఒక మాట కాపీ చేసి నా ఫైల్లో పెడితే తెలుగు రాలేదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గందరగోళం వచ్చింది. ఎందుకంటే అది అను ఫాంట్లలో, పేజ్‌మేకర్లో టైపు చేసింది. కంటికి తెలుగే, కంప్యూటరుకు మాత్రం కాదు. గూగుల్లో వెతికితే దొరకదు, సాఫ్ట్‌వేరు చదవలేదు. మొత్తం 214 మాటలు, మూడు రాత్రులు కూర్చుని మళ్ళీ టైపు చేసుకున్నాను. ఆ రోజుల్లో అంతకంటే మంచి దారి లేదు, రాసినవాళ్ళను తప్పుపట్టలేం. కానీ ఇవాళ కూడా తెలుగు గ్రంథాలను అలాగే చేయించి పంపుతుంటే బాధేస్తుంది. ఐదేళ్ళు ఊరూరా తిరిగి పోగుచేసిన మాటల్ని పెట్టెలో పెట్టి తాళం వేసినట్టే కదా.

నా వంతు వచ్చినప్పుడు డీటీపీ సెంటరాయన, "యూనికోడ్‌లో ఒత్తులు అందంగా రావు మేడమ్, అందరూ అనులోనే చేయిస్తారు" అన్నాడు. ఆయన అన్నదాంట్లో కొంత నిజముంది, కానీ కంప్యూటరు తెలుగును తెలుగుగా చదవాలంటే యూనికోడ్‌లోనే ఉండాలి. అందుకని నేనే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుని, సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా ఇచ్చిన మండలి ఫాంటులో 312 పేజీలు కొట్టుకున్నాను. శీర్షికలకు మాత్రం గిడుగు ఫాంటు. వాడుక భాష మీద థీసిస్‌కు ఆ పేరు ఉండాలని నా ముచ్చట. ఇలా చెయ్యడంలో ఇంకో లాభముంది. థీసిస్‌లో కాపీ ఉందేమోనని సాఫ్ట్‌వేరుతో పరీక్షిస్తారు, 2018 యూజీసీ నిబంధన ప్రకారం వేరే రచనలతో సారూప్యత 10 శాతం లోపుంటే చిక్కు లేదు. యూనికోడ్ పాఠమైతేనే ఆ పరీక్షకు అర్థముంటుంది. పరీక్ష నిజంగా జరిగిన థీసిస్ నాది అని నేను ధైర్యంగా చెప్పగలను.

గ్రంథం ఎక్కించడం విశ్వవిద్యాలయం చేతిలో పని, శోధ్‌గంగ చేతిలో కాదు. ఇది అందరూ గుర్తుంచుకోవాలి. మా విశ్వవిద్యాలయంలో (పేరు అనవసరం) నా థీసిస్ ప్రతి అల్మరాలో ఐదు నెలలు ఉండిపోయింది. అడిగినప్పుడల్లా చేసే మనిషి సెలవులో ఉన్నారనేవారు. ఆ ఐదు నెలల్లో నేను రెండు ఇంటర్వ్యూలకు వెళ్ళాను, రెండు చోట్లా "మీ థీసిస్ లింకు ఉందా అమ్మా" అని అడిగారు. లేదని చెప్పాల్సి వచ్చింది. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవాళ్ళకు నెలకు 37,000 వస్తుంది. నాలా ఏ ఫెలోషిప్పూ లేకుండా గంటల లెక్కన పాఠాలు చెప్పుకునేవాళ్ళకు చేతిలో ఉండే ఆస్తి ఆ లింకొక్కటే. వైవా అయిన వారంలోనే లైబ్రరీకి వెళ్ళి, సీడీ ఇచ్చినట్టు రసీదు రాయించుకోండి, వారం వారం అడగండి. మొహమాటపడొద్దు.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ మిగిలిన ఒకటి, తెలుగు గ్రంథాల పేర్లు తెలుగు లిపిలోనే కనబడి, తెలుగులోనే వెతికితే దొరికిన రోజున.

పోయిన నెల నా పేజీ వచ్చింది. నాన్న ఫోనులో పదసూచి తెరిచి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, వేలితో అక్షరాలు పెద్దవి చేసుకుంటూ గంటసేపు చదివాడు. ఆవం (కుండలు కాల్చే బట్టీ) అనే మాట దగ్గర ఆగి, "మనం ఆవం అంటాం గానీ మీ అమ్మ వాళ్ళ ఊళ్ళో ఆము అనేవాళ్ళు, అది వెయ్యలేదేమ్మా?" అన్నాడు. వచ్చే ఆదివారం అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళి రికార్డు చేసుకురావాలి.